పెట్టె మీది ఊరు, పెట్టెలోని కుక్క

మొదటి పగలు. మొదటి నిద్ర లేచాక.

కుక్కల గురించి రోజూ రాయాలట. గాలి కార్యాలయం అధికారిణి వకుళగారి ఉత్తరువు. ఇక్కడ రోజంటే ఏమిటని అడిగాను. చంద్రుడి మీద ఒకసారి పొద్దు పొడిస్తే రెండు వారాల దాకా కుంకదు కదా, ఆ రెండు వారాలకీ కలిపి ఒక్క పేజీ రాసిస్తే సరిపోతుందా అని నా ఆశ. "నిద్ర లేచినప్పుడల్లా రాయండి భ్రమరాంబగారూ" అన్నారావిడ. సరే, లేచినప్పుడల్లా రాస్తాను. ఏమీ జరక్కపోతే రాయను. ముందే చెబుతున్నాను.

నేను సామాన్ల గోదాము చూసుకుంటాను. భూమి నుంచి ఓడ వచ్చినప్పుడు పెట్టెలు దింపించి, విప్పించి, ఎవరి సామాను వాళ్ళకి అప్పజెప్పడం నా పని. ఊళ్ళో వాళ్ళ మనసులు కాస్త ఉల్లాసంగా ఉంటాయని మన పెద్దలు ఈ ఓడలో ఒక కుక్కని తెప్పించారు. కుక్క కూడా సామానుతోనే వచ్చింది కాబట్టి నా నెత్తినే పడింది. పేరు బుచ్చి. గోధుమ రంగు, ముందు కాలికి తెల్లటి మేజోడు తొడిగినట్టు మచ్చ. ఓడ కుదుపులకి అదిరిపోయి కొన్నాళ్ళు పడుకున్న చోటు నుంచి లేవలేదు. దీన్ని ఇంకోసారి ఓడెక్కిస్తే గుండె ఆగిపోతుందని డాక్టరు చెప్పాడు. లేచిన వెంటనే అది చేసిన పని మూడు పిల్లల్ని పెట్టడం. పెద్దలు అడిగింది ఒక కుక్కని. వచ్చినవి నాలుగు.

ఇక్కడ గాలి ఊరికే రాదు. ఊపిరి పీల్చే ప్రతి ప్రాణికీ ఒక గాలి వాటా ఉండాలి. ఆ వాటా కోసం ఎవరో ఒకరు గాలి సైకిలు తొక్కాలి. బుచ్చి వాటా ఊరందరిదీ. పిల్లల వాటాకి దిక్కు లేదు. వాటిని పెంచుకుంటామని వచ్చేవాళ్ళు తమ వంతుతోపాటు కుక్క వంతు కూడా తొక్కాలి. అలాంటి మహానుభావులు దొరక్కపోతే, మూడో పగలు ఓడ తిరిగి వెళ్ళేటప్పుడు పిల్లలతోపాటు తల్లినీ ఎక్కించేస్తారట. డాక్టరు మాట చెప్పాను. "నిబంధన నిబంధనే" అన్నారు వకుళగారు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే రాస్తాను. చదివేది ఆవిడే కాబట్టి మరీ రాస్తాను. మా చెల్లెలు అదే ఓడలో నాకు ఎండు రొయ్యలు పంపింది. మూసిపెట్టిన ఊరు కదా, ఒకరు వేయించుకుంటే అందరూ పీల్చాలి కదా అని ఇక్కడ వాసన నిషేధం ఉంది. తాలింపు లేదు, ఇంగువ లేదు, ఎండు చేప మాటే లేదు. నా పొట్లం పట్టుకుని, "నాశనం చేయడమైనది" అని ఒక చీటీ చేతిలో పెట్టారు. ఆ చీటీ వాసన చూస్తే ఇంకా కొంచెం రొయ్యల వాసన వస్తోంది. నాకు ఏడుపొచ్చింది.

మొదటి పగలు. ఇంకో నిద్ర లేచాక.

పిల్లలకి గాలి వాటా అడగాలంటే ముందు యంత్రంలో నమోదు చేయాలి. యంత్రాన్ని గోదాముకి తోసుకొచ్చారు. అది అడిగిన మొదటి ప్రశ్న: జాతి?

తెలియదన్నాను. ఒప్పుకోలేదు. మామూలు కుక్క అన్నాను. అదీ ఒప్పుకోలేదు. విసుగొచ్చి, నువ్వే చూసుకోమని దాన్ని పిల్లలవైపు తిప్పాను. అవి ఖాళీ పెట్టెల్లో పడుకుని ఉన్నాయి. మిరప విత్తనాలు వచ్చిన పెట్టెలో ఒకటి, కొబ్బరి పీచు వచ్చిన పెట్టెలో ఒకటి, వీణ తీగలు వచ్చిన పెట్టెలో ఒకటి. యంత్రం కన్ను పెట్టింది. పెట్టెల మీద ఉన్న ఊళ్ళ పేర్లు చదువుకుంది. సంతోషంగా గంట కొట్టి మూడు పలకలు కక్కింది.

జాతి: పలనాడు. జాతి: కోనసీమ. జాతి: బొబ్బిలి.

బుచ్చి పడుకున్న పెట్టె మీద కాగితం ఊడిపోయి ఉంది. దాని పలక మీద "జాతి లేదు" అని పడింది. బుచ్చి ఆ పలకని వాసన చూసి తుమ్మింది.

దిద్దించమని గాలి కార్యాలయానికి వెళ్ళాను. దిద్దడానికి ప్రత్యేకంగా గడి ఏదీ లేదన్నారు.

రెండో పగలు. మొదటి నిద్ర లేచాక.

పిల్లలు పాలు మానాయి. పలకలు మెడలో కట్టి కాంటీను గుమ్మం ముందు కూర్చోబెట్టాను. ఎవరూ రారేమో అనుకున్నాను. ఒక కుక్క కోసం రోజూ ఇంకో వంతు సైకిలు తొక్కడానికి ఎవరికి పట్టింది? తీరా చూస్తే గుంపు. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ పలనాడు చూడలేదు, కోనసీమ చూడలేదు. కానీ ఆ ఊళ్ళ గురించి తాతలు చెప్పిన మాటలు మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు.

ముందు వచ్చింది లెక్కల మాస్టారు నాంచారయ్యగారు. స్నానాల వరసలో తన ముందు ఎవరు దూరినా పక్కకి జరిగి చోటిచ్చే మనిషి. పలనాడు పలక చూసి ఆయన గొంతు తగ్గించాడు.

"ఇది... బాగా పౌరుషం గలదేనాండీ?"

"మాస్టారూ, ఈ మూడూ ఒక్క తల్లి పిల్లలే. అదుగో తల్లి. పేర్లు పెట్టెల మీదివి."

"మీరు అలా అంటారనుకున్నాను. నాలాంటి మెత్తనివాడికి ఇవ్వడానికి భయపడుతున్నారు గదా? ఫర్వాలేదండీ, నేను సముదాయించుకుంటాను."

పలనాడు ఆయన బూటు తాడు నోట్లో పెట్టుకుని నిద్రపోయింది. "చూశారా పట్టు!" అన్నాడాయన.

కాంటీను సత్యవేణి కోనసీమని ఒళ్ళోకి తీసుకుంది. "ఏవండీ, ఆ కళ్ళు చూడండి, రండి భోంచేసెళ్ళండి అన్నట్టు లేవూ! మర్యాద మొహంలోనే కనపడిపోతుందండి బాబూ" అంది. పెట్టె సంగతి చెప్పాను. "పెట్టెని బట్టే కదండీ సరుకు" అంది.

బొబ్బిలిని బయటి తలుపు దగ్గర కాపలా ఉండే జోగారావు తీసుకున్నాడు. అతనికి నేను నిజం మూడుసార్లు చెప్పాను.

"ఏటమ్మా, నన్ను ఎర్రోణ్ణి చేత్తన్నావు? బొబ్బిలంటే ఏటో నాకు తెల్దా? పేణం పోయినా ఎనక్కి తగ్గదు" అన్నాడు.

మూడూ ఒకే పూట వెళ్ళిపోయాయి. నిజం చెప్పినందుకు నన్ను అందరూ చాలా మంచిదాన్నని మెచ్చుకున్నారు. ఒక్కరూ నమ్మలేదు.

బుచ్చిని ఎవరూ చూడలేదు. పలక చదివి, జాతి లేనిదా అని జాలిగా ఒక మాట అనేసి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. దాని నెత్తి నిమిరాను. ఎలాగూ దాన్ని నేనెవరికీ ఇవ్వను. పిల్లలకి ఇళ్ళు దొరికాయి, ఇక దీన్ని ఓడెక్కించే పని లేదు. అలా అనుకోగానే నాకు గుండె తేలికైంది.

రెండో పగలు. మరికొన్ని నిద్రల తర్వాత.

కుక్కలు ఎలా ఉన్నాయో చూసి రాయాలి కాబట్టి ఇల్లిల్లూ తిరిగాను.

నాంచారయ్యగారు స్నానాల వరసలో నిటారుగా నిలబడి ఉన్నాడు. ఎవరో ముందుకి దూరబోతే, "మా పలనాడుకి ఇలాంటివి నచ్చవండీ" అన్నాడు. వాడు బెదిరి వెనక్కి వెళ్ళాడు. ఆ సమయానికి పలనాడు మాస్టారి రెండు కాళ్ళ మధ్య తల దూర్చుకుని వణుకుతోంది. "దూకే ముందు అలా నక్కుతుందండీ" అన్నాడు మాస్టారు. అది నక్కి ఎంతసేపైందని అడిగాను. తెచ్చుకున్నప్పటి నుంచీ అట.

కాంటీనులో కోనసీమ ప్రతి బల్ల దగ్గరికీ వెళ్తోంది. తింటున్నవాళ్ళ కంచంలో మూతి పెట్టి ఒక ముద్ద తీసుకుంటోంది. "సరిగ్గా వడ్డించానో లేదో చూస్తుందండి పాపం. అతిథులకి పెట్టకముందే రుచి చూడాలని దాని తాపత్రయం" అని సత్యవేణి మురిసిపోతోంది. మొలకల ఉప్మా సగం దాని పొట్టలోకే పోతోంది. తినేవాళ్ళు కూడా ఏమీ అనడం లేదు. కోనసీమ వచ్చి పలకరించిందని చెప్పుకుంటున్నారు.

ఇక బొబ్బిలి. అది బయటి తలుపు దగ్గర నీటి గొట్టానికి తొడిగిన పెద్ద గొట్టంలోకి దూరి మధ్యలో ఇరుక్కుంది. తోక పట్టుకుని వెనక్కి లాగితే వచ్చేస్తుంది. నేను లాగబోయాను. జోగారావు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఒగ్గెయ్యమ్మా. బొబ్బిలి ఎనక్కి రాదు. ముందుకే తీయాలి."

ముందుకి తీయాలంటే గొట్టం విప్పాలి. గొట్టం విప్పాలంటే నీళ్ళు ఆపాలి. సగం ఊరికి నీళ్ళు ఆపి గొట్టం విప్పారు. కుక్క ముందు నుంచి బయటికొచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లకి బెదిరి అది మళ్ళీ గొట్టంలో దూరింది. జోగారావు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "అదమ్మా పట్టుదలంటే!" అన్నాడు.

రెండో రాత్రి. మొదటి నిద్ర లేచాక.

కొత్త చిక్కు. మూడు కుక్కలూ ఇళ్ళు వదిలి, వడపోత గది తలుపు దగ్గర చేరుతున్నాయి. ఊరి గాలంతా అక్కడికి వెళ్ళి శుభ్రపడి వస్తుంది. ఏ వాసనైనా ఆ గదిలో పుడితే అక్కడే జల్లెళ్ళు మింగేస్తాయి, మనిషి ముక్కుకి అందేంత బయటికి రాదు. ఆ గదిలోకి వకుళగారు తప్ప ఇంకెవరూ వెళ్ళరు. ఆవిడ లోపలికి వెళ్ళిన వెంటనే ఇవి మూడూ వచ్చి తలుపు గీకుతున్నాయి, మూలుగుతున్నాయి. బుచ్చి కూడా నా చేతిలోంచి గుంజుకుని వెళ్ళి వాటి పక్కన కూర్చుంది. పిల్లలని చూడ్డానికి కాబోలు అనుకున్నాను. అది పిల్లల వైపు కన్నెత్తి చూడలేదు. తలుపు వైపే చూస్తూ చొంగ కార్చింది.

నాలుగు కుక్కలూ ఒకే తలుపు దగ్గర ఒకే పని చేస్తున్నాయంటే లోపల ఏదో ఉన్నట్టే కదా అని యజమానులతో అన్నాను.

"మా పలనాడుకి అక్కడ ఎవరితోనో పాత పగ ఉన్నట్టుందండీ" అన్నాడు నాంచారయ్యగారు.

"మా కోనసీమ వకుళగారిని భోజనానికి పిలవడానికెళ్ళిందండి. ఆవిడ ఎప్పుడూ కాంటీనుకి రారు కదా, పాపం దానికి బెంగ" అంది సత్యవేణి.

"తలుపు ముట్టడేసింది. ఇంక లొంగదీసుకునే దాకా కదల్దు" అన్నాడు జోగారావు.

మరి బుచ్చి ఎందుకు గీకుతోందని అడిగాను. జాతి లేనిది కదా, వాటిని చూసి నేర్చుకుంటోందన్నారు ముగ్గురూ ఏకకంఠంతో. ఆ ఒక్క విషయంలో మాత్రం వాళ్ళకి ఏకాభిప్రాయం.

ఉన్నదున్నట్టు రాస్తున్నాను వకుళగారూ. లోపల ఏముందో మీకే తెలియాలి.

రెండో రాత్రి. ఆ తర్వాతి నిద్ర లేచాక.

నేను రాసింది చదివి వకుళగారు జవాబు పంపారు. కుక్కలు వడపోత గది తలుపు రబ్బరు పాడుచేస్తున్నాయి కాబట్టి, ఊరి గాలికి ప్రమాదం కాబట్టి, నాలుగింటినీ ఈ ఓడలోనే వెనక్కి పంపేయాలట. అభ్యంతరాలుంటే మూడో పగలు పొద్దు పొడవగానే కాంటీనులో పెద్దాయన కోటిలింగంగారి ముందు చెప్పుకోవచ్చట.

డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. బుచ్చికి నిద్రమందిచ్చి పంపితే అని అడిగాను. అతను బుచ్చి గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

ఇవాళ ఇంతకన్నా రాయలేను. వేళాకోళం చేసే ఓపిక కూడా లేదు. అది నా పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. దానికేం తెలుసు?

మూడో పగలు. పొద్దు పొడిచాక.

పంచాయితీ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కాంటీను నిండిపోయింది. కోటిలింగంగారు ఈ ఊరు కట్టినవాళ్ళలో ఆఖరి మనిషి. చెవులు సరిగ్గా వినపడవు గానీ ముక్కు మాత్రం ఇప్పటికీ చురుకు. ఆయన పక్కనే వకుళగారు, ఇస్త్రీ చేసిన అంగీలో, జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. ఎదురుగా మేము, మా ముందు నాలుగు కుక్కలు.

వకుళగారు తలుపు రబ్బరు చూపించారు. నిజంగానే గీకి గీకి చీలికలు చేశాయి. ఊరికి గాలి పోతే ఎవరు జవాబుదారీ అన్నారు. మన యజమానులు ఒక్క మాట మీద నిలబడితే సరిపోయేది. నిలబడతారా?

"మా కోనసీమ అలాంటి పని చెయ్యదండి. ఎంత మర్యాదస్తురాలో ఊరందరికీ తెలుసు. ఆ పలనాడు రెచ్చగొట్టుంటదండి" అంది సత్యవేణి.

"రెచ్చగొట్టడమా? మా పలనాడు చాటుమాటు పని చెయ్యదండీ. ఏదైనా ఎదురుగా నిలబడి చేస్తుంది" అన్నాడు నాంచారయ్యగారు. పలనాడు ఆయన ఎదురుగా కాదు, వెనకాల నిలబడి ఉంది.

"గీకింది మా బొబ్బిలే. ఏటంట? గీకింది, గీకుతాది. తప్పని ఒప్పుకోడం దాని రక్తంలో లేదు" అన్నాడు జోగారావు.

ఊరు మూడు ముక్కలైంది. ఎవరి తాతది ఏ ఊరో వాళ్ళు ఆ కుక్క వెనక చేరారు. ఎవరి ఊళ్ళో మర్యాద ఎక్కువ, ఎవరి ఊళ్ళో మాట ఎక్కువ అని కేకలు. ఒకాయన మా తాతది గుంటూరు, నేను ఎవరివైపు నిలబడాలని నన్నడిగాడు. బుచ్చి వైపు నేను ఒక్కదాన్నే ఉన్నాను. లేచి అరిచాను. "ఇవి నాలుగూ కుక్కలు! ఒక తల్లీ, మూడు పిల్లలూ! వాటికి ఊళ్ళు లేవు!" అన్నాను. అందరూ ఒక్క క్షణం ఆగి, నన్ను జాలిగా చూసి, మళ్ళీ మొదలెట్టారు.

ఆ గొడవలో తాళ్ళు వదిలేశారు. మూడు కుక్కలూ వెళ్ళి వకుళగారి జేబుకి ముక్కులు ఆనించాయి.

"శత్రువుని గుర్తుపట్టింది" అన్నాడు మాస్టారు.

"భోజనానికి పిలుస్తుందండి" అంది సత్యవేణి.

"సవాలు చేత్తంది" అన్నాడు జోగారావు.

వకుళగారు వెనక్కి జరిగారు. జేబులోంచి ఏదో జారింది. ఇక్కడ ఏది జారినా నిదానంగా పడుతుంది. చిన్నది, ఎర్రటిది, వంకర తిరిగినది, గాలిలో గింగిరాలు తిరుగుతూ దిగుతోంది. మూడొందల కళ్ళు దానితోపాటు దిగాయి. సరిగ్గా దాని కింద బుచ్చి నోరు తెరుచుకుని కూర్చుంది. అందులో పడింది. బుచ్చి మింగేసింది.

"ఏమిటమ్మా అది?" అన్నారు కోటిలింగంగారు.

"ఏదండీ?" అన్నారు వకుళగారు.

అప్పుడు పలనాడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ముందుకి దూకింది. జేబు చిరిగింది. ఎండు రొయ్యలు గుప్పెడు పైకి లేచి, కాంటీను మధ్యలో మెల్లగా, చాలా మెల్లగా రాలడం మొదలుపెట్టాయి. వేయించినవి. కారం కూడా చల్లినట్టుంది.

వాసన వచ్చింది.

ఎవరూ నిషేధం గురించి మాట్లాడలేదు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఎక్కడో ఒక పెద్దావిడ ముక్కు ఎగబీల్చి ఏడ్చింది. నేను మాత్రం కళ్ళు మూసుకోలేదు. అవి నా రొయ్యలు. మా చెల్లెలు ఎండబెట్టి, తలలు తుంచి, సముద్రం దగ్గర నుంచి చంద్రుడి దాకా పంపిన రొయ్యలు. వడపోత గదిలో దాక్కుని, జల్లెళ్ళ కింద వేయించుకు తింటూ, నాకేమో చీటీ ఇచ్చారు! ఆ తలుపు ముందు బుచ్చి ఎందుకు చొంగ కార్చిందో ఇప్పుడు తెలిసింది. ఆవిడ నన్ను చూశారు. ఆవిడ మొహం తెల్లబోయింది.

"ఇది... ఇవి... శిక్షణ సామగ్రి" అన్నారు గాలిలోకి చూస్తూ.

"ఏం శిక్షణ? ఎవరికి?" అన్నారు కోటిలింగంగారు.

ఆవిడ దగ్గర జవాబు లేదు. నా దగ్గర నాలుగు జవాబులున్నాయి. నాలుగూ తిట్లే. నోరు తెరిచాను. కింద బుచ్చి, ఇంకేమైనా రాలుతుందేమోనని, తోకాడిస్తూ పైకి చూస్తోంది. ఆ తిట్లు తిడితే ఆవిడ కుర్చీ పోతుంది. రబ్బరు చీలికలు మాత్రం అలాగే ఉంటాయి, కుక్కలు ఓడెక్కుతాయి. నేను నోట్లోని మాటలు మింగాను. రొయ్య మింగడమంత సుఖంగా లేదు.

"కుక్కలకండీ" అన్నాను. "వాసన పట్టే శిక్షణ. ఊళ్ళో ఎవరు దొంగచాటుగా వేయించుకు తిన్నా పట్టేయాలని. సామాను నేనే తెప్పించాను. వకుళగారు గదిలో దాచి పరీక్ష పెట్టారు. కుక్కలు తలుపు దాకా వచ్చాయి. ఇవాళ జేబులో దాచారు. అదీ పట్టేశాయి. మీరే చూశారు."

వకుళగారు నన్ను చూసిన చూపు ఇంతవరకు నన్నెవరూ చూడలేదు.

"అంటే నెగ్గాయన్నమాట" అన్నారు కోటిలింగంగారు. ఎదురుగా దిగుతున్న రొయ్యని వేళ్ళతో పట్టుకుని, పరీక్షగా వాసన చూసి, ఇంకా పరీక్షగా నోట్లో వేసుకున్నారు. చాలాసేపు నమిలారు. "కుక్కలు ఉంటాయి. శిక్షణ సామగ్రి ఓడ వచ్చినప్పుడల్లా తెప్పించండి. కుక్కలున్న ఇళ్ళకి పంచండి. ఒకసారి నేర్చుకున్నది మర్చిపోకూడదు కదా."

నేను బుచ్చి పక్కన నేల మీద కూలబడి దాని మెడ వాటేసుకున్నాను. దాని నోరు నా రొయ్యల వాసన వేస్తోంది. ఏడుస్తూ నవ్వాను.

వెనకనుంచి జోగారావు గొంతు వినిపించింది. "అయ్యా, ముందు పట్టింది ఏ జాతో అదికూడా చెప్పేయండి." మళ్ళీ మొదలైంది.

మూడో పగలు. ఓడ వెళ్ళాక.

ఓడ వెళ్ళిపోయింది. కుక్కలు లేకుండా వెళ్ళింది. అది లేచేటప్పుడు గోదాము నేల అదిరితే బుచ్చి ఒక కన్ను తెరిచి మళ్ళీ మూసింది.

పంచాయితీ తీర్పు ప్రకారం బుచ్చి ఇప్పుడు ఊరి కుక్క కాదు, శిక్షణ కుక్క. కొత్త పలక కావాలి. యంత్రాన్ని మళ్ళీ తోసుకొచ్చారు. జాతి? అంది. ఈసారి నాకు తెలివొచ్చింది. గోదాములో పెట్టెలన్నీ అవతలికి నెట్టి, ఖాళీ నేల మీద బుచ్చిని కూర్చోబెట్టాను. యంత్రం చదవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని అటూ ఇటూ చూసింది. ఏమీ దొరకలేదు. చివరికి గత్యంతరం లేక కుక్కని చూసింది. చాలాసేపు చూసింది. గంట కొట్టి పలక కక్కింది.

జాతి: కుక్క.

దాన్ని బుచ్చి మెడలో కట్టి కాంటీనుకి తీసుకెళ్ళాను. రొయ్యల వాటా కోసం ఇప్పుడు ఊళ్ళో అందరికీ కుక్కలు కావాలి. పలక చదివి గుమిగూడారు.

"కుక్క జాతా? ఎప్పుడూ వినలేదే! ఇదేం చేస్తుందండీ?"

"పిలిస్తే వస్తుంది. పెడితే తింటుంది. మనం ఇంటికి వస్తే తోకాడిస్తుంది."

"అంతేనా?"

"అంతే."

"బుచ్చీ!" అని పిలిచారెవరో. వెళ్ళింది. చిన్న ముద్ద పెట్టారు. తింది. తోకాడించింది. "అబ్బ, చెప్పింది చెప్పినట్టు చేస్తోందే!" అని జనం ఆశ్చర్యపోయారు. ఇలాంటివి ఇంకా ఉన్నాయా, ఎప్పుడొస్తాయని పోటీపడి అడిగారు.

మూడో పగలు. మరో నిద్ర లేచాక.

నాంచారయ్యగారు ఎవరూ లేనప్పుడు వచ్చాడు. పలనాడుని చంకలో పెట్టుకున్నాడు.

"భ్రమరాంబగారూ, మీతో ఒకటి చెప్పాలి. ఇది నా ఒళ్ళో పడుకుంటే తప్ప నిద్రపోదండీ. గాలి సైకిలు చప్పుడుకి కూడా జడుస్తుంది. ఎవరితోనూ అనలేదు. పలనాడు పేరు పోతుందని."

"ఇప్పుడేం చేయమంటారు?"

"దీన్ని కూడా ఆ కుక్క జాతిలో రాయించగలరా? అప్పుడిది హాయిగా భయపడొచ్చు." బూట్ల వైపు చూస్తూ అన్నాడు. "నాకూ ఆ వరసలో అంత నిటారుగా నిలబడ్డం నడుం నొప్పిగా ఉంటోందండీ."

నేను ఆయన్ని ఆటపట్టిద్దామనుకున్నాను. నోరు రాలేదు. పలనాడుని ఖాళీ నేల మీద కూర్చోబెట్టాను.

ఆ తర్వాత సత్యవేణి వచ్చింది. ఆ మర్యాదకి ఉప్మా చాలడం లేదంది. జోగారావు అందరికన్నా చివర వచ్చాడు. బొబ్బిలి మళ్ళీ గొట్టంలో ఇరుక్కుందట. "ఒక్కసారి తోక పట్టుకుని ఎనక్కి లాగితే... ఎవరికీ చెప్పకమ్మా" అన్నాడు. లాగాను. వచ్చేసింది. జోగారావు దాన్ని గుండెకి హత్తుకుని, "ఎనక్కి రాడం ఇంత సులువా?" అన్నాడు.

మూడో పగలు. పొద్దు వాలుతుండగా.

వకుళగారు గోదాముకి వచ్చారు. ఇక మీదట కుక్కల గురించి రాయనక్కర్లేదని చెప్పడానికి వచ్చారట. సరేనన్నాను. అయినా రాస్తున్నాను. ఇది ఆవిడ చదవరు.

అంగీ లోపలినుంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టారు. మా చెల్లెలి చేతిరాత. సగం ఖాళీ. ఆవిడ తల దించుకుని నిలబడ్డారు.

"మా అమ్మ వేయించేది. వాసన తగలగానే... ఆగలేకపోయాను" అన్నారు.

కోపం పోయిందని అబద్ధం రాయలేను. కాస్త తగ్గింది. బుచ్చి లేచి, ఒళ్ళు విరుచుకుని, ఆవిడ దగ్గరికి నడిచి తోకాడించడం మొదలుపెట్టింది. వకుళగారు కంగారుగా జేబులు తడుముకున్నారు. రెండు జేబులూ బయటికి తిప్పి చూపించారు.

"ఒట్టు, జేబులో ఏమీ లేదు. మరి ఎందుకు తోకాడిస్తోంది?"

"కుక్క జాతండీ" అన్నాను. "మనిషొస్తే చాలు దానికి."

ఆవిడ అక్కడే పెట్టె మీద కూర్చుండిపోయారు. బుచ్చి ఆవిడ పాదాల మీద గడ్డం ఆనించింది. ఆవిడ కాలు కదపలేదు.

నేను పొట్లం విప్పి రొయ్యలు మూడు వాటాలు వేశాను. పెద్ద వాటా నాది.